చదివేది ఒకరైనా అడిగేది అందరం

(కొండాపురంలో బైబిలు పఠన బృందాల వాళ్ల ముందర చేసిన ప్రసంగం)

అక్కలారా, అన్నలారా, అవ్వలారా, అబ్బలారా! అందరికీ జై భీమ్. ప్రభువు పేరున వందనాలు. ఈ రెండు మాటలు ఒకే నోట ఎట్లా వస్తాయని కొందరు అడుగుతాండారు. పల్లెలో పుట్టినోళ్ల నోటికి రెండూ సొంత మాటలే.

ఆదివారం గుడిలో అయ్యగారు చెప్తాడు, మనం ఆమెన్ అంటాం. అది ఆరాధన. దాని చోటు దానికుంది. కానీ వారం మధ్యలో, కూలి నుంచి వచ్చి, సంగటి తిని, పది పదహైదు మంది పెద్దోళ్లు ఒక అరుగు మీద కూచుంటారే, అది ఇంకో ప్రసంగం కాగూడదు. అక్కడ కూడా ఒకాయనే మాట్లాడి మిగతా వాళ్లు తల ఊపుతా ఉంటే, దాన్ని పఠనం అనలేం. మనం చెప్పదల్చుకున్నది ఈ ఒక్క మాటే: బైబిలు బృందంలో చదివేది ఒకరైనా అడిగేది అందరం కావాల.

అడగడం తప్పు కాదా, దేవుని వాక్యాన్ని ప్రశ్నిస్తామా అంటారు. అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయం తీయండి. బెరయ ఊరోళ్ల దగ్గరికి పౌలే వచ్చి బోధించినాడు. వాళ్లు ఊరికే నమ్మలేదు. ఆయన చెప్పింది నిజమా కాదా అని దినామూ లేఖనాలు తీసి చూసుకున్నారు. దానికి వాళ్లను ఘనులని మెచ్చుకున్నారే గానీ తిట్టలేదు. పౌలును పరిశీలించినోళ్లు ఘనులైతే, మన పాస్టరును, మన నాయకుణ్ణి, ఈ మాటలు చెప్పే మమ్మల్ని అడిగినోళ్లు మాత్రం చెడ్డోళ్లు ఎట్లా అవుతారు?

మనకు అక్షరం ఎట్లా వచ్చిందో మర్చిపోవద్దు. వేదం చెవిన పడితేనే పాపమన్న దేశం ఇది. 1822లో లండన్ మిషను కడపలో పని మొదలుపెట్టింది. ఆ శతాబ్దం మధ్య నుంచి కడప, కర్నూలు సీమల్లో మాలపల్లెలు గుంపులు గుంపులుగా గుడికి వచ్చినాయి. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి ఆ మిషను పెట్టిందే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలు అందులో కలిసినాయి. ఒంగోలు దిక్కు చూస్తే యర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ. మన ఎర్రగుంట్ల ఊరాయన కాదు, అది ఇంటిపేరు. తోళ్ల వ్యాపారానికి ఊర్లు తిరుగుతా, చుట్టాల ఇండ్లల్లో కూచుని మాట్లాడతా ఆయన ఈ కబురు చేరవేసినాడు. 1867లో ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. 1878 కరువు దినాల్లో జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పెద్ద గుళ్లు లేనప్పుడు ఇండ్లల్లో జరిగిన మాటే ఇంత దూరం తెచ్చింది.

ఇంక ఒక చిక్కుంది. మన బైబిలు భాష మన నోటి భాష కాదు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయినాయి. విశాఖపట్నంలో ఇద్దరు దొరలు ఆ పని చేస్తే, సాయం పట్టింది ఆనందరాయరనే బ్రాహ్మణుడు. పండితుల తెలుగులో మొదలైన పుస్తకం ఇప్పటికీ మనకు గ్రాంథికం లాగానే వినిపిస్తుంది. అందుకే చదివినాక ఇంకొకరు దాన్ని మన మాటల్లో మళ్లీ చెప్పాల. ద్రాక్షతోట అంటే చీనీతోట అనుకోండి. దేనారం అంటే ఒక దినం కూలి అనుకోండి. అప్పుడు చూడండి, అక్షరం రాని అవ్వ గూడ నోరు తెరుస్తుంది.

నాబోతు కథ తీసుకోండి. రాజు కోట పక్కన ఆయన తోట. తాతల నాటి సొత్తు, ఇయ్యనన్నాడు. యెజెబెలు రాణి ఏం చేసింది? కత్తి దూయలేదు. కాయితం రాసింది, రాజు ముద్ర వేసింది, ఇద్దరు దొంగసాక్షులను నిలబెట్టింది. నాబోతును రాళ్లతో కొట్టి చంపినారు, తోట రాజుకు పోయింది. కాయితం, సీలు, దొంగసాక్షి. ఈ మూడూ మన మండలంలో ఎవరికి కొత్త? డీకేటీ పట్టా మన పేరున ఉండి, సేద్యం ఇంకొకరు చేసే భూములు మన ఊర్లల్లో లేవా? ఇచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. 2023లో దానికి సవరణ జరిగింది. నాబోతు కథ చదివిన రాత్రే ఆ చట్టం ఏందో కూడా బృందంలో చదివించుకోవాల.

నెహెమ్యా అయిదో అధ్యాయం చదివితే అప్పు సంగతి. కరువులో గింజల కోసం పొలాలు, ఇండ్లు తాకట్టు పెట్టినారు, బిడ్డలను దాస్యానికి పంపినారు. ఆడోళ్లూ మొగోళ్లూ కలిసి మొర పెట్టినారు. నెహెమ్యా పెద్ద సభ కూడగట్టి, పొలాలూ వడ్డీ తిరిగి ఇప్పించినాడు. సంఖ్యాకాండము ఇరవై ఏడులో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, జనమందరి ముందర నిలబడి మా నాయన భూమిలో మా పాలు ఇయ్యమని అడిగినారు. వాళ్లు అడిగింది న్యాయమని దేవుడే చెప్పినాడు. ఇది చదివి, మన ఇండ్లల్లో పట్టా ఎవరి పేరున ఉండాదో అడగకుండా లేస్తే ఏం చదివినట్టు?

ఇట్లా చదివినోళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారు. నికరాగ్వా దేశంలో సొలెంతినామె అనే దీవుల్లో 1966 నుంచి ఎర్నెస్తో కార్దెనాల్ అనే పాదిరి ఉండె. ప్రసంగం బదులు రైతులూ జాలరులూ సువార్త చదివి తామే మాట్లాడుకునేటట్టు చేసినాడు. ఆ మాటలు పుస్తకంగా వచ్చినాయి. 1977లో నియంత సైన్యం ఆ చోటును నాశనం చేసింది. పేదోళ్లు కూచుని చదువుకుంటే పెద్దోళ్లకు ఎందుకు భయమో దీన్ని బట్టి తెలుసుకోండి.

ఇంకో సంగతి గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం, ఈరోజు గట్టిగా మాట్లాడదాం. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానోడు షెడ్యూల్డు కులం కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ అని 1 శాతం ఇచ్చినారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషను వేసినారు. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. యేసును నమ్మితే కులం పోతుందని ఉత్తర్వు అంటుంది. ఊరు అట్లా అనడం లేదు. పేటలోకి రాని పెండ్లి ఊరేగింపూ, వేరుగా ఉన్న శ్మశానమూ మన మతం అడిగి వేరు కాలేదు. కాయితంలో ఒక మాట, గుడిలో ఒక మాట పెట్టుకుని బతికే మనిషిని దోషిగా చూడొద్దు. ఆ భయం పెట్టింది ఎవరో చర్చించండి.

మనలో మనకున్న గోడ సంగతి కూడా మాట్లాడాల. మాలపేటకు ఒక గుడి, మాదిగపేటకు ఒక గుడి ఉన్న ఊర్లున్నాయి. బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్లడిగినోణ్ణి నమ్ముకుని, పక్క పేటలో మంచినీళ్లు తాగకపోతే ఎట్లా? ఒక వారం ఆ పేటలో, ఒక వారం ఈ పేటలో కూచోండి. కూచున్న ఇంట్లోనే నీళ్లు తాగండి.

గండికోట జలాశయం ముంపుకు ఈ మండలం పల్లెలు పోయినాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. గుడి గోడలు నీళ్లకు పోతాయి, బృందం పోదు. కొత్త కాలనీలో వేపచెట్టు కింద పది మంది కూచుంటే చాలు. పొలం ఉన్నోడికి పొలం లెక్కన పరిహారం, పొలం పనే బతుకైన కూలోళ్లకు లెక్క ఎవరు కట్టినారని అక్కడే అడగొచ్చు.

కడాకు పద్ధతి చెప్తాం, రాసుకోండి. బల్లా కుర్చీ వద్దు, గుండ్రంగా కూచోండి. ఒకరు నిదానంగా చదవాల, ఒకరు మన మాటల్లో చెప్పాల. చదువు రానోళ్లు మొదట మాట్లాడాల, పాస్టరు కడాకు. ఆడోళ్ల పని తెమిలే వేళే మన వేళ. మూడు ప్రశ్నలు వదలొద్దు: ఈ కథలో భూమీ కూలీ ఎవరి చేతిలో ఉండాయి? నోరు లేంది ఎవరికి? మన ఊర్లో ఇది యాడ జరుగుతాండాది? వచ్చే వారానికి చేయాల్సిన పని ఒకటి రాసుకుని లేవండి, అది ఒక అర్జీ అయినా సరే. బృందంలో చెప్పుకున్న ఇంటి కష్టం గడప దాటి పోగూడదు. గుడికి రానోళ్లు వచ్చినా చాప వేయండి.

మన అబ్బలకు ఆ పుస్తకం చేతికి రావడానికే వందల ఏండ్లు పట్టింది. వచ్చిన పుస్తకాన్ని మళ్లీ ఒక్కరి చేతిలో పెట్టి, మనం చెవులు మాత్రం ఇచ్చి కూచోవద్దు. ఈ వారమే నాబోతుతో మొదలుపెట్టండి. జై భీమ్.