పల్టీ కొట్టిన కారు, గోడకు తగిలిన కారు



అమెరికాలో నాస్కార్ అని కార్ల పందాలున్నాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగం. టీవీలో వాటి ప్రకటన వస్తే గెలిచినవాడికంటే పల్టీలు కొట్టే కార్లే ఎక్కువ కనిపిస్తాయి. డేటోనా, టలడేగా పందాల్లో పదీ ఇరవై కార్లు ఒకేసారి గుద్దుకుంటే దానికి 'ది బిగ్ వన్' అని పేరు కూడా పెట్టారు. వ్యాఖ్యాతలు దానికోసం పెళ్ళివారి కోసం చూసినట్టు ఎదురుచూస్తారు!

క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతామో మాస్టారు చెప్పింది గుర్తుందా? ఇక్కడా అదే లెక్క. పల్టీలు కొట్టే కారు తన శక్తిని కొంచెం కొంచెంగా వదిలించుకుంటుంది. రేకులు ఎగిరిపోతుంటే చూసేవాళ్ళకు గుండె ఆగుతుంది గానీ, చాలాసార్లు డ్రైవరు నడిచి బయటికొస్తాడు. కాంక్రీటు గోడకు కొట్టుకున్న కారు క్షణంలో ఆగుతుంది. బెల్టు ఒంటిని ఆపుతుంది, తలను ఆపదు. పుర్రె అడుగు ఎముక విరుగుతుంది.

2001 ఫిబ్రవరి 18న డేటోనాలో, చివరి ల్యాపులో, డేల్ ఎర్న్‌హార్ట్ అలాగే పోయాడు. చూడ్డానికి మామూలు దెబ్బే. వ్యాఖ్యాత డారెల్ వాల్‌ట్రిప్ అప్పుడు సొంత తమ్ముడి గెలుపు చూసి కేకలు వేస్తున్నాడు. ఆ వెంటనే, డేల్‌కు ఏం కాలేదు కదా అని కంగారుపడ్డాడు.

అదే ఏడాది తలా మెడా పట్టి ఉంచే సాధనం తప్పనిసరి చేశారు. 2002లో ఇండియానాపొలిస్‌లో ఉక్కు గొట్టాల వెనక నురుగు దిమ్మెలు పెట్టిన 'సేఫర్' గోడ వచ్చింది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంజనీర్ల పని అది. ఎర్న్‌హార్ట్ తర్వాత నాస్కార్ ప్రధాన పందాల్లో ఒక్క డ్రైవరూ చనిపోలేదు. ప్రకటనల్లో మాత్రం ఇప్పటికీ పల్టీలే.