పెద్దలతో అంగడికి



ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన తెలుగువారి యిండ్లకు వృద్ధులైన తల్లిదండ్రులు వచ్చి నివసించుట సర్వసాధారణము. ఇచ్చట వారికి వైద్యమునకు లోపముండదు, ఆదరమునకును లోపముండదు. కాని స్వగ్రామమున వారికున్న అధికారమొకటి ఎవరికిని తెలియకయే జారిపోవును. అది అంగడికి పోయి తమకు కావలసినది తామే ఏరి తెచ్చుకొను అధికారము.

ఒక సంసారమును ఉదాహరణముగా గైకొనవచ్చును. పశ్చిమ గోదావరి జిల్లాలో బడిపంతులుగా పనిచేసి విరమించిన పెద్దమనిషి ఒకరు, భార్య గతించిన పిదప, రామకృష్ణపురములోని కుమారుని క్వార్టరుకు వచ్చి చేరిరి. రక్తపుపోటు ఉన్నదనియు, ఉప్పు తగ్గింపవలెననియు వైద్యుడు చెప్పెను. కుమారుడు పితృభక్తి కలవాడు. ఆవకాయ జాడీ ఆనాడే అలమార పై అరకు ఎక్కెను. అప్పడములు మాయమయ్యెను. సరకులన్నియు సెల్‌ఫోను ద్వారా ఇంటికే వచ్చుచుండెను. రెండు మాసములలో రక్తపుపోటు కొంత తగ్గెను. దానితోపాటు మనిషియు తగ్గెను. ఆయన సగము అన్నము విడిచి లేచుచుండిరి. చొక్కాలు వదులయ్యెను.

వృద్ధులు చిక్కిపోవుట చూచి పథ్యము పనిచేయుచున్నదని సంతసింపరాదు. వయసుతోడ కండ తరుగును. ఆకలి, దాహము, రుచి మందగించును. కారణము తెలియక బరువు తగ్గినచో వైద్యునకు చూపవలెను. ఆ వయసున తినునది కొంచెమే గనుక, ఆ కొంచెములోనే సారముండవలెను. పప్పు, పాలు, పెరుగు, ఆకుకూరలు, మెత్తగా ఉడుకు కాయగూరలు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప అట్టివి.

భోజనము తగ్గుటకు కారణమేమని కోడలు ఒకనాడు అడిగెను. “అమ్మా, పథ్యము పెట్టినందుకు నాకు కష్టము లేదు. నన్నొకమాట అడుగకుండ పెట్టినందుకే” అని ఆయన బదులిచ్చిరి.

ఆ శనివారము ఆమె సంచి చేతబట్టి, “మామయ్యగారూ, బజారుకు వెళ్ళివద్దాము రండి. ఏమి కొనాలో మీరు చెప్పండి, సంచి నేను పట్టుకుంటాను” అనెను.

కూరల దుకాణమున ఆయనకు ఎవరును నేర్పవలసినది లేకపోయెను. వంకాయను ముచ్చిక చూచి, బెండకాయను కొస విరిచి చూచి ఏరిరి. తెలియనివి పేర్లు మాత్రమే. సొరకాయ లౌకి అనియు, కాకరకాయ కరేలా అనియు, మెంతికూర మేథీ అనియు, కందిపప్పు అర్‌హర్ దాల్ అనియు కోడలు చెప్పగా, ఆయన తన కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసికొనిరి.

పిదప వారు కేంద్రీయ భండార్‌కు పోయిరి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంక్షేమమునకై 1963లో ఏర్పడిన సహకార సంస్థ అది. అచ్చట కోడలి సహాయము నిజముగా అవసరమయ్యెను. పొట్లములపై అచ్చు చీమతలకాయలంత. అదియు ఇంగ్లీషు, హిందీలలో. గోధుమ బిస్కత్తులని పేరున్న పొట్లమును ఆయన తీసికొనగా, ఆమె వెనుక వైపు చదివి వినిపించెను. అందు చేర్చిన పదార్థములను బరువులో ఎక్కువదానినుండి తక్కువదానికి వరుసగా అచ్చువేయవలెనని మన దేశమున నిబంధన కలదు. ఆ పొట్లముపై మొదటి పేరు మైదా, రెండవది చక్కెర. ఆయన నవ్వి దానిని మరల అరలో పెట్టి, వేయించిన సెనగలు తీసికొనిరి. వలదని ఆమె అనలేదు, చదివినదంతే.

ఉప్పు లెక్కయు అట్టిదే. పొట్లముపై సోడియము మిల్లీగ్రాములలో ఉండును. సుమారు 400 మిల్లీగ్రాముల సోడియము 1 గ్రాము ఉప్పునకు సమానము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములు 17. రోజునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని అందు కలదు. వృద్ధుల ఆహారమునకొక సూత్రము, పొట్లములపై వివరములు చదువుటకొక సూత్రము అందే చేరియుండుట గమనింపదగినది. సోడియము తగ్గించిన ఉప్పులలో సాధారణముగా పొటాషియము చేర్చుదురు గనుక, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు, రక్తపుపోటునకు మందులు వాడువారు వైద్యునడుగక వానిని కొనరాదు.

ఇంటికి వచ్చి పంతులుగారే ఊరగాయ లెక్క తేల్చిరి. జాడీ క్రిందికి దిగెను. ఆవకాయ ఆదివారము మధ్యాహ్నము మాత్రము, గోరంత. ఆ పూట పప్పులో ఉప్పు తక్కువ. ఈ నియమము కుమారుడు పెట్టినది కాదు గనుక ఆయన దానిని తప్పలేదు. కొన్ని వారములకు పళ్లెములో అన్నము మిగులుట మానెను.

పెద్దలకు తోడ్పడగోరువారు గ్రహింపవలసినది ఇంతే. సంచి మోయవలెను, సన్నని అచ్చు చదివి వినిపింపవలెను, వైద్యుని మాట జ్ఞాపకము చేయవలెను, దుకాణమున కూర్చుండుటకు ఒక స్టూలు అడుగవలెను. ఎంపిక మాత్రము వారికే విడువవలెను. నడువలేనివారైనచో, ఫోనులో సరకు కొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి వారినడుగవలెను.

ఇట్టి తెలుగు సంఘములు తమ సభ్యుల తల్లిదండ్రులకై, కూరల పేర్లు తెలుగు లిపిలో హిందీతో సహా పెద్ద అక్షరములతో ఒక్క పుటలో అచ్చువేయించి పంచినచో అదియు మంచి సాంస్కృతిక సేవయే యగును. పంతులుగారి కాగితము అట్టిదే. దానిని జేబులో పెట్టుకొని ఒక ఉదయము ఆయన ఎవరికిని చెప్పకుండ బయలుదేరి, అరగంటలో తిరిగివచ్చి, లేత సొరకాయ నొకదానిని వంటింటి గట్టుపై పెట్టిరి. “నాలుగు రూపాయలు ఎక్కువ తీసికొన్నాడేమో” అని కోడలు అనబోయి, ఆయన ముఖము చూచి ఊరకుండెను.