మేఘగర్భమున మంచు



చైత్ర వైశాఖములలో ఇబ్రహీంపట్నము ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటును. గోదావరి ఇసుకపై కాలు మోప వీలుండదు. అట్టి దినములలోనే ఒకానొక సాయంకాలము కారుమబ్బు క్రమ్మి, గాలిదుమారము రేగి, రాళ్ళవాన కురియుట కలదు. కోతకు వచ్చిన యాసంగి వరి రాలిపోవును. మామిడికాయలు నేల కూలును. ఉడికించి ఆరబోసిన పసుపు తడిసి రంగు చెడును. 2023 మార్చిలో కురిసిన వడగండ్లకు కరీంనగరు మొదలగు జిల్లాలలో పంటలు పాడుకాగా, రాష్ట్ర ప్రభుత్వము ఎకరమునకు 10,000 రూపాయల సహాయము ప్రకటించినది. నిప్పులు చెరుగు వేసవిలో ఇంత మంచు ఎక్కడిది?

అది నెత్తిమీది ఆకాశమునుండియే వచ్చుచున్నది. పైకి పోయినకొలది గాలి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడును. నేలనుండి సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నకు దిగును. నడచినచో అది గంటసేపటి దూరమే. ఉరుముల మేఘము ఆ ఎత్తును దాటి 12 కిలోమీటర్లకు, 15 కిలోమీటర్లకు పెరుగును. దాని శిఖరమున ఉష్ణోగ్రత సున్నకు 50 డిగ్రీలు దిగువన ఉండును.

అయినను అచ్చటి నీరంతయు వెంటనే గడ్డకట్టదు. గిన్నెలోని నీరు సున్న డిగ్రీల యొద్ద గడ్డకట్టుటను చూచినవారికి ఇది వింతగా తోచును. మేఘములోని నీటిబిందువు మిక్కిలి చిన్నది. అందు మలినము లేనిచో సున్నకు 38 డిగ్రీల దిగువవరకు అది నీరుగానే నిలువగలదు. అది మంచుగా మారుటకు ఒక ఆధారము వలయును. పటికబెల్లము చేయువారు పాకములో దారము వ్రేలాడదీయుదురు. పలుకులు ఆ దారమును పట్టుకొని పెరుగును. మేఘమునందు ఆ దారము చేయు పనిని ధూళికణము చేయును.

అన్ని ధూళికణములకును ఈ శక్తి లేదు. సున్నకు 20 డిగ్రీల దిగువన, లీటరు గాలిలో ఇట్టి కణము సుమారుగా ఒక్కటి ఉండును. ఆ లీటరులోనే నీటిబిందువులు లక్షకు మించి ఉండును. బంకమట్టి రేణువులు ఈ పనికి వచ్చునని చాలకాలముగా తెలియును. పొటాషియము గల ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము మరింత సమర్థమైనదని 2013లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. కరీంనగరు గ్రానైటు రాతిలో మెరయు పలుకులలో ఈ ఖనిజము కలదు. ఆకులపై నివసించు ఒక సూక్ష్మజీవి సున్నకు 2 డిగ్రీల దిగువననే నీటిని గడ్డకట్టించగలదని 1970 దశకమున కనుగొనిరి.

ఒకమారు మంచుపలుకు పుట్టినచో అది తన చుట్టునున్న బిందువుల సొమ్ముతో పెరుగును. బిందువులనుండి ఆవిరి లేచి మంచుపలుకును చేరును. బిందువులు చిక్కిపోవును, పలుకు బలియును. జర్మనీ శాస్త్రజ్ఞుడు వెగెనర్ 1911లో ఈ మార్గమును సూచించెను. 1930 దశకమున బెర్జెరాన్, ఫిండైసన్ అనువారు దానిని స్థిరపరచిరి. బరువెక్కిన పలుకు క్రిందికి దిగి, వెచ్చని గాలిలో కరగి వానచినుకగును. వానలన్నియు ఇట్లు పుట్టవు. తక్కువ ఎత్తు మేఘములలో బిందువులు ఒకదానినొకటి కలసియు వాన కురియును. కాని ఉరుములతో వచ్చు పెద్ద చినుకులలో అనేకము తొలుత మంచుగా నుండినవే.

మేఘములోని ఊర్ధ్వవాయువు బలముగా నున్నపుడు ఆ పలుకు క్రిందికి దిగజాలదు. చల్లని బిందువులు తగిలి దానిపై గడ్డకట్టుచుండగా పొరలు పొరలుగా పెరిగి రాయియగును. పెద్ద వడగల్లును రెండుగా కోసి చూచినచో, ఉల్లిగడ్డ పొరలవంటివి కనబడును. వేసవిలో నేల మిక్కిలి కాగి, పైగాలి చల్లగానుండుటచే ఈ ఊర్ధ్వవాయువు ఉధృతమగును. శ్రావణమాసపు మేఘములలో ఆ వేగము సాధారణముగా తక్కువ. రాయి ఏర్పడినను క్రిందికి వచ్చులోపల కరగిపోవును. 1888 ఏప్రిల్ 30న ఉత్తర భారతమునందలి మొరాదాబాదులో పడిన వడగండ్లకు 246 మంది మరణించిరి.

పిడుగు కూడ ఈ మంచు సంతానమే. తేలికైన పలుకులు, బరువైన మంచుగుళికలు ఒరసికొనగా విద్యుత్తు పుట్టును. పలుకులు ధనవిద్యుత్తుతో పైకి పోవును. గుళికలు ఋణవిద్యుత్తుతో దిగువ నిలుచును. 2022లో భారతదేశమున పిడుగుపాటు వలన 2,887 మంది మరణించినట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెప్పుచున్నవి. ఉరుము వినబడినదనిన పిడుగు అందనంత దూరమున లేదని అర్థము. చెట్టుక్రింద నిలువక ఇల్లు చేరవలెనని పొలము పనివారికి, గొర్రెల కాపరులకు తెలియజెప్పుట చదువుకొన్నవారి విధి.

మేఘమునకు మనుష్యుడే ధూళికణమును అందించిన నేమగును? 1946లో అమెరికాలో షేఫర్ గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువుతోను, వానెగట్ సిల్వర్ అయొడైడుతోను మేఘజలమును మంచుగా మార్చవచ్చునని చూపిరి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009లో హైదరాబాదు మొదలగు స్థావరములనుండి విమానములు పంపి మేఘములను పరీక్షించినది. అయితే విత్తనము చల్లుటకు మేఘమనెడి పొలము ముందుగా ఉండవలెను. నిర్మలాకాశమునుండి వానను రప్పించుట ఎవరికిని సాధ్యము కాదు.

ఇక శీతోష్ణస్థితి మాట. ఉరుముల మేఘము తల కమ్మరి దాగలివలె పరచుకొని మంచుతెరగా సాగును. ఆ తెర పగలు ఎండను మరలించును. రేయింబవళ్ళు భూమి వేడిని కంబళివలె పట్టి ఉంచును. తిరుపతి సమీపమున గాదంకిలోని పరిశోధనశాలయందు ఇట్టి తెరలను కాంతికిరణములతో పరిశీలించుచున్నారు. నీటిబిందువులతో నిండిన మేఘము మంచుమేఘముకంటె తెల్లనై ఎండను ఎక్కువగా మరలించును. భూమి వేడెక్కగా మేఘములలో మంచు తగ్గి నీరు హెచ్చి, ఆ వేడికి కొంత అడ్డు ఏర్పడును. కాని శాస్త్రజ్ఞుల గణనలు అనేకము మేఘములలో ఉన్నదానికంటె ఎక్కువ మంచును ఊహించినవని 2016లో ఒక పరిశోధన ఉపగ్రహముల సాక్ష్యముతో చూపినది. అనగా ఆ అడ్డు తలచినంత బలమైనది కాదు. కంటికి కానరాని ధూళికణమునకు, లోకమంతటి వేడికిని నడుమ ఇంతటి బంధము కలదు.

రాళ్ళవాన ఇరుకైన పట్టీగా పడును; ఒక ఊరి పంట పోవును, ప్రక్క ఊరిది నిలుచును. దూరదూరముగానున్న ప్రభుత్వ యంత్రములకు అది చిక్కకపోవచ్చును. కనుక గ్రామ గ్రంథాలయమునందు ఒక వర్షమాపకము, ఒక దినచర్య పుస్తకము ఉంచదగును. రాళ్ళు పడిన తేది, వేళ, పరిమాణము శనగగింజయంతయా, నిమ్మకాయయంతయా యని బాలబాలికలు వ్రాసి ఉంచవలెను. రైతు నష్టమునకు అది సాక్ష్యమగును, శాస్త్రమునకు ఆధారమగును. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన గ్రంథాలయమునకు, తన ఊరి ఆకాశమును గూర్చి ఒక పుస్తకమును తానే వ్రాసికొనుట తగిన పని.