తాతగారి పేరున

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా వరంగల్లులో జరిగిన దాతల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కమిటీవారు అంశమేదీ చెప్పలేదు. "మీరు ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవారు, నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ దాతల జాబితా చేతిలోకి తీసుకున్నాను. గోపురానికి ఇచ్చినవారైనా, నవగ్రహ మంటపానికి ఇచ్చినవారైనా, ఒక బస్తా సిమెంటు ఇచ్చినవారైనా, చాలామంది ఒకే మాట రాయించుకున్నారు: "మా తాతగారి జ్ఞాపకార్థం". తండ్రి పేరు కంటే తాత పేరే ఎక్కువగా కనబడింది. తండ్రితో మనకు లెక్కలుంటాయి, కోపతాపాలుంటాయి. తాతతో అవేవీ ఉండవు కాబోలు.

ఆ జాబితాలో మా తాతగారి పేరు కూడా ఉన్నది. ఉత్తరపు ప్రదక్షిణ మార్గంలో ఒక శిలాఫలకం మా కుటుంబం వేయించింది. ఆ ఫలకం విషయంలో నేను ఒక తప్పు చేశాను. ఈ సభలో అది చెప్పుకోవడమే నాకు ఉచితమనిపించింది.

మా తాతగారు ఆజంజాహి మిల్లు కార్మికులు. ఆ మిల్లు 1934లో నిజాం కాలంలో మన ఊరికి వచ్చింది. నిజాం ప్రభువు పెద్ద కుమారుని పేరు దానికి పెట్టారు. మిల్లు మొదలైన కొన్నేళ్లకు, ఇంకా మీసాలు రాని వయసులో తాతగారు అందులో చేరారు. షిఫ్టు దిగి ఇంటికి వస్తే తలలో, కనుబొమలలో పత్తి నూగు ఉండేది. మా నాయనమ్మ గుమ్మంలోనే ఆపి, కొంగుతో దులిపి గాని లోపలికి రానిచ్చేది కాదు. ఆయన తొంభై రెండో ఏట కాలం చేశారు. చివరి రెండేళ్లు తప్ప ఒక్కరోజు కూడా ఊరికే కూర్చోగా నేను చూడలేదు. రిటైరయ్యాక పని ఇంకా పెరిగింది. ఎవరి ఇంట్లో పెండ్లి చూపులున్నా, ఎవరికి దవాఖానాలో తోడు కావాలన్నా, ఎవరి పిల్లవాడు పరీక్ష తప్పి ఇంట్లోంచి వెళ్లిపోయినా, తాతగారు సైకిలు తీసేవారు.

ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. కొడుకులు దగ్గరుండేవారు కనుక వారి గురించి అంత ఆరాటం ఉండేది కాదు. బిడ్డల మీదనే ధ్యాస. బతుకమ్మ వచ్చిందంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. మేనత్తలిద్దరూ పిల్లలతో సహా పుట్టింటికి వచ్చేవారు. తాతగారు తెల్లవారకముందే సైకిలు మీద ఊరి బయటికి వెళ్లి, గునుగు, తంగేడు గోనెసంచి నిండా తెచ్చేవారు. గునుగు పువ్వు కొసలకు రంగు అద్దడం ఆయన స్వయంగా చేసేవారు. మగవాళ్లకు అదేం పని అని ఎవరన్నా నవ్వితే, "మిల్లుల గుడ్డకు అద్దిన రంగే గదరా" అనేవారు. సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షి గుట్ట దగ్గర గుండం వరకు బిడ్డల వెనుక నడిచి వెళ్లి, దూరంగా ఒక బండ మీద కూర్చుని, ఆట అయ్యేదాకా చూసేవారు.

నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఖిలా వరంగల్ తీసుకెళ్లేవారు. స్వయంభూ దేవాలయం శిథిలాల చుట్టూ నిలిచిన నాలుగు కీర్తితోరణాలు నేను మొదట చూసింది అలాగే. చరిత్ర ఏమీ చెప్పేవారు కాదు. ఆ రాళ్లను తడుముతూ, "గీ బండలన్ని మోసినోళ్లు పొద్దుగాల ఏం తిని వచ్చిన్రో ఏమో బిడ్డా" అనేవారు. తరువాత నేను చదివిన పుస్తకాలలో ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఇక ఫలకం సంగతి. జీర్ణోద్ధరణ మొదలైనప్పుడు, మా తాతగారి పేరున ఒక రాయి వేయిద్దామని అన్నదమ్ములం అనుకున్నాం. చందా వేసుకున్నాం. శిల్పికి ఇవ్వవలసిన కాగితం రాసింది నేనే. తాతగారి పేరు, నాయనమ్మ పేరు, కింద "కుమారులు", దాని కింద "మనుమలు". అంతే. పంక్తులు చక్కగా కుదిరాయని సంతోషించాను కూడా. మేనత్తల పేర్లు లేవని నాకు తోచనే లేదు. మరచిపోయానని అనలేను. మరచిపోవాలంటే ముందు గుర్తుండాలి కదా.

రాయి చెక్కి తెచ్చిన రోజున మన అర్చకస్వాములు వచ్చి చూశారు. చదివి, కొంచెంసేపు ఊరుకుని, "మీ చిన్న మేనత్తగారి పేరు ఎక్కడుందండీ?" అన్నారు. ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పారు. కార్తికమాసంలో ధ్వజస్తంభం మీద వెలిగించే ఆకాశదీపానికి నెల రోజులకూ సరిపడ నూనె ఇస్తానని మా తాతగారు ఎప్పుడో దేవుని ముందు మాట ఇచ్చారట. ఆయన ఉన్నన్నాళ్లు ఇచ్చారు. ఆయన పోయిన తరువాత కూడా ప్రతి ఏటా దీపావళి మరునాటికి నూనె డబ్బు గుడికి చేరుతూనే ఉన్నదట. పంపుతున్నది చిన్న మేనత్త. "మీకు తెలుసనుకున్నాను" అన్నారు స్వాములు.

నాకు తెలియదు. మా ఇంట్లో మగవాళ్లం ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు రుద్రమదేవి పాఠం చెప్పినవాణ్ణి నేను. ఓరుగల్లు గడ్డ మీద పుట్టి, ఆడబిడ్డను సింహాసనం మీద కూర్చోబెట్టిన తండ్రి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందుకే ఆ పెద్దాయన సంగతి కాస్త మీ ముందు పెడతాను.

గణపతిదేవ చక్రవర్తి 1199 నుంచి 1262 వరకు, అంటే 63 సంవత్సరాలు పరిపాలించాడు. మనలో చాలామంది ఆయుర్దాయమే అంత ఉండదు. చిన్నతనంలో తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో మరణించాడు. తాను యాదవులకు బందీగా చిక్కాడు. ఆ సమయంలో రాజ్యం చేజారకుండా కాపాడినవాడు రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయం కట్టించిన మహానుభావుడు ఆయనే. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు మనమంతా పొంగిపోయాం.

విడుదలై వచ్చిన గణపతిదేవుడు రాజ్యాన్ని ఎలా నిలబెట్టాడని చూస్తే, కత్తితో ఎంత గెలిచాడో వియ్యంతో అంత గెలిచాడనిపిస్తుంది. దివిసీమ వైపు ఓడించిన అయ్య వంశం వారి ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను తాను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను చేరదీసి గజసైన్యానికి అధిపతిని చేశాడు. ఆ జాయపసేనానే తరువాత నృత్తరత్నావళి రాశాడు. తన సోదరి మైలాంబను నతవాడి రుద్రునికి, కుమార్తె గణపాంబను ధరణికోటను ఏలిన కోట బేతరాజుకు, మరొక కుమార్తె రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చాడు. ఎటు చూసినా చుట్టాలే. ఇప్పటివారు దీనిని రాజనీతి అంటారు. అది నిజమే కాని, నాకు మాత్రం సైకిలు వేసుకుని వియ్యాలవారి ఇండ్లకు తిరిగిన మా తాతగారు కళ్ల ముందు మెదులుతారు.

ఆ ఇంటి ఆడపడుచులు ఏం చేశారో చూడండి. మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, గట్టున శాసనం వేయించింది. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలోని ఊరు అది. ఆ శాసనంలో తన పుట్టింటి వంశక్రమాన్ని, వెన్నుడనే మూలపురుషుని నుంచి మొదలుపెట్టి తరం తరువాత తరం చెప్పించింది. కాకతీయుల తొలి తరాల వరుస మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ రాయే ప్రధానమైన ఆధారం. డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి వంటి పరిశోధకులు కాకతీయ చరిత్రను సరిదిద్దుకోగలిగారంటే అందులో ఆమె చలవ ఉన్నది. అత్తవారింటికి వెళ్లిన ఆడబిడ్డ, తాతముత్తాతల పేర్లు ఒక్కటీ తప్పిపోకుండా రాతిమీద పెట్టించింది.

గణపాంబ సంగతి యనమదల శాసనంలో ఉన్నది. ఆ ఊరు గుంటూరు సీమలోనిది. భర్త పోయిన తరువాత ఆయన పేర బేతేశ్వరాలయం కట్టించింది, తండ్రి పేర గణపేశ్వరుని ప్రతిష్ఠించింది. ఇప్పుడు మీరు రాయించుకున్న "జ్ఞాపకార్థం" అనే మాటకు ఏడున్నర శతాబ్దాల నాటి పూర్వరూపం అది. రాయించింది కూతురు.

మూడవది మల్కాపురం శాసనం, 1261 నాటిది. నన్ను నిద్ర పోనివ్వనిది ఇదే. గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యులవారికి కృష్ణ ఒడ్డున మందడం గ్రామం ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటను నెరవేర్చి, శాసనం చేయించినది రుద్రమదేవి. అంతటితో ఆగక తన వంతుగా వెలగపూడి గ్రామాన్ని కూడా చేర్చింది. ఈనాడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ గ్రామాల ఆదాయంతో గుడి, మఠం, విద్యార్థుల చదువు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడవాలని ఏర్పాటు. తండ్రి నోటిమాటను తన బాధ్యతగా తీసుకుని, దానికి తనది కొంత కలిపి ఇచ్చిన కూతురు. మరి మా ఇంట్లో కార్తికమాసపు నూనె?

ఇన్ని చేసినా రుద్రమను చాలా శాసనాలలో రుద్రదేవ మహారాజు అనే చెక్కారు. ఆమె పేరు కూడా మగపేరుగానే రాళ్లకు ఎక్కింది. పాఠం చెప్పేటప్పుడు దానిని ఒక విశేషంగా చెప్పి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. ఆమె తరువాత రాజ్యానికి వచ్చిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. అంటే గణపతిదేవుని తరువాత ఆ వంశం నిలిచింది బిడ్డవైపునే.

మరునాడు పొద్దున మేనత్త ఇంటికి వెళ్లాను. ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి. నేను ఫలకం సంగతి ఎత్తేలోగానే, "మంచి పని చేసిన్రు బిడ్డా, నాయన పేరు సక్కగ కనబడుతదా?" అని అడిగింది. నూనె డబ్బు మాట అడిగితే నవ్వి, "నాయన అన్న మాట గద" అన్నది. తరువాత లోపలి గదిలోంచి తాతగారి పొడుగు లెక్కల పుస్తకం తెచ్చి ఇచ్చింది. అట్టపై మిల్లు నూగు ఇంకా అంటుకునే ఉన్నట్టు నాకు అనిపించింది. పాల లెక్క, కిరాణా లెక్క, చిట్టీల లెక్క. అక్కడక్కడ గుడికి ఇచ్చినవి. ఒక ఏడు ఆకాశదీపం పెద్దబిడ్డ పేరున. ఆ మరుసటి ఏడు పెద్దకొడుకు పేరున. తరువాత చిన్నబిడ్డ పేరున. తరువాత మా నాయన పేరున. నలుగురి పేర్లూ వరుసగా తిరుగుతున్నాయి. తన పేరున ఒక్కసారి కూడా రాసుకోలేదు.

ఆ పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మేనత్త చాయ్ పెట్టి తెచ్చింది. అది చల్లారిపోయింది.

కొత్త రాయి తెప్పించుదామని తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చేసిన తప్పు కనబడకుండా పోవడం నాకు ఇష్టం లేకపోయింది. శిల్పిగారిని బతిమాలి, అదే రాయి మీద "కుమారులు", "మనుమలు" అనే పంక్తుల మధ్య ఉన్న సందులో "కుమార్తెలు" అని చెక్కించి, ఇద్దరు మేనత్తల పేర్లు వేయించాం. పెద్ద మేనత్త ఇప్పుడు లేరు. ఆమె పేరుకు ముందు "కీ.శే." అని రెండు అక్షరాలు ఎక్కువ పట్టాయి.

మీరు ఉత్తరం వైపు ప్రదక్షిణకు వచ్చినప్పుడు ఆ ఫలకం కనబడుతుంది. మూడో పంక్తి మిగతా పంక్తులకంటే సన్నగా, అక్షరాలు ఒకదానికొకటి తగులుతున్నట్టు ఉంటుంది. దానికి ముందుగా చోటు వదలలేదు. శిల్పిగారి పనితనంలో లోపం కాదు, కాగితం రాసింది నేను. ఈ ఏటి కార్తికంలో ఆకాశదీపం నూనెకు పుస్తకం ప్రకారం చూస్తే వంతు చిన్నబిడ్డది. ఆమే ఇస్తానంటున్నది.