ప్రశ్నలు అడగని అప్పు



బెంగళూరులో ఉద్యోగంలో చేరే యువతకు జీతం ఖాతా తెరిచిన కొద్ది రోజులకే, కొన్నిసార్లు మొదటి జీతం ఇంకా పడకముందే, ముందుగానే మంజూరైన క్రెడిట్ కార్డు అంటూ ఫోనుకు సందేశం వస్తుంది. ఆ కార్డు మీద ఇచ్చే పరిమితి, అంటే ఒక సమయంలో వాడుకోగల గరిష్ఠ మొత్తం, తరచుగా రెండు మూడు నెలల జీతానికి సమానంగా ఉంటుంది. చక్రవడ్డీ సూత్రాన్ని ఈ స్నాతకోత్సవంలో పట్టా అందుకుంటున్న పట్టభద్రులందరూ పాఠశాలలోనే నేర్చుకున్నారు. అయితే కార్డు బిల్లు మీద ముద్రించిన రెండు మొత్తాల్లో, పూర్తి బాకీని కాక కనీస చెల్లింపు అనే చిన్నదాన్ని ఎంచుకున్న నాడు ఆ సూత్రం ఎవరి పక్షాన పనిచేస్తుందో చెప్పే పాఠం ఏ తరగతిలోనూ లేదు. కొలువుల్లో చేరబోతున్న యువతకు ఆ లోటును ఈ వేదిక మీద కొంతైనా పూడ్చడం అవసరం.

తెలుగువారికి క్రెడిట్ కార్డు కొత్తదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, దేశంలో ఆ పని చేసిన తొలి బ్యాంకుల్లో ఒకటిగా నిలిచింది. ఆనాడు కార్డు కొద్దిమందికే దక్కే సౌకర్యం. 2024 తొలి నెలలకు దేశంలో కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది. 2022 నుంచి రూపే కార్డులను యూపీఐతో జోడించే వీలు కూడా రావడంతో, వీధి మలుపులోని టీ దుకాణంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తాగే కాఫీ కూడా అప్పు పద్దులోకి చేరగలిగే స్థితి ఏర్పడింది.

కార్డు అప్పు పెరిగే తీరును అర్థం చేసుకోవాలంటే ముందుగా బిల్లును చదవడం తెలియాలి. నెల రోజుల కొనుగోళ్లన్నిటినీ కూడి లెక్క కట్టే రోజును బిల్లు తేదీ అని, ఆ మొత్తాన్ని చెల్లించవలసిన చివరి రోజును గడువు తేదీ అని అంటారు. కొన్న రోజు నుంచి గడువు తేదీ వరకు, కార్డును బట్టి 45 నుంచి 50 రోజుల దాకా, వడ్డీ పడని వ్యవధి దొరుకుతుంది. ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది: బిల్లు మొత్తాన్ని గడువులోగా చెల్లించినవారికే అది వర్తిస్తుంది. బాకీలో కొంత భాగాన్ని తరువాతి నెలకు మోసుకుపోతే పాత కొనుగోళ్లకు కొన్న తేదీ నుంచే వడ్డీ లెక్కకట్టడమే కాక, ఆ తరువాత కొన్న పాల ప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డుతో ఏటీఎంలో నగదు తీసినవారికైతే ఆ వ్యవధి అసలే లేదు. తీసిన రోజు నుంచి వడ్డీ, దాని పైన విడిగా రుసుము పడతాయి.

ఆ వడ్డీ చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతం చుట్టూ, అంటే ఏడాదికి 42 శాతం చుట్టూ ఉంటుంది. వడ్డీ మీద 18 శాతం వస్తు సేవల పన్ను అదనం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ఊళ్లో గుండెలు అదిరే కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు, పన్నుతో కలిపి నూటికి నాలుగు రూపాయల 13 పైసల వడ్డీకి అప్పు తెస్తున్నామని గుర్తించకుండానే తెస్తున్నారు. కార్డు మీద లక్ష రూపాయల బాకీ ఉందనుకుంటే నెల తిరిగేసరికి అది 1,04,130 అవుతుంది. బ్యాంకు ఆ మొత్తంలో 5 శాతాన్ని కనీస చెల్లింపుగా, అంటే ఆలస్య రుసుము పడకుండా ఉండడానికి కట్టవలసిన అత్యల్ప మొత్తంగా నిర్ణయిస్తే, 5,206 రూపాయలు కట్టిన తరువాత కూడా 98,924 రూపాయల బాకీ మిగులుతుంది. కార్డును మళ్లీ ఒక్కసారి కూడా వాడకుండా, ప్రతి నెలా ఆ 5 శాతం మాత్రమే కడుతూ పోయిన వ్యక్తి అయిదేళ్లలో సుమారు 2,31,000 రూపాయలు చెల్లించి, ఇంకా 52,000 రూపాయలకు పైగా బాకీ ఉంటాడు. అదే వ్యక్తి కనీస మొత్తాన్ని పక్కనపెట్టి నెలకు 10,000 రూపాయల చొప్పున నియమంగా కడితే 14వ నెలలో అప్పు తీరిపోతుంది. మొత్తం చెల్లింపు 1,32,000 లోపే ఉంటుంది. ఈ రెండు లెక్కల్లో రేటు ఒకటే, బ్యాంకు ఒకటే, అసలు ఒకటే; మారింది నెలకు కట్టే మొత్తం మాత్రమే.

ఈ రేటుకు చట్టపరమైన పైహద్దు లేదని కూడా పట్టభద్రులు తెలుసుకోవాలి. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. వడ్డీ రేట్ల విషయం రిజర్వు బ్యాంకు పరిధిలోనిదంటూ ఆ తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశాలు మాత్రం కొంత రక్షణ కల్పించాయి: అడగని కార్డును పంపకూడదు, వినియోగదారుడి స్పష్టమైన అంగీకారం లేకుండా పరిమితి పెంచకూడదు, కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు తీర్చడం ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరికను బిల్లు మీద తప్పక ముద్రించాలి. అయితే ఫోన్‌లో చెల్లింపు మీట నొక్కే చేతికి ఆ హెచ్చరిక కనబడడం అరుదు. చెల్లింపు తెర మీద కనీస మొత్తం చూపడమే మనిషి కట్టదలచిన మొత్తాన్ని తగ్గిస్తుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త నీల్ స్టీవర్ట్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది; కనీస మొత్తమనే అంకె మనసులో లంగరులా దిగి, మిగతా ఆలోచనను తన చుట్టూనే తిప్పుకుంటుంది.

ఖర్చు అదుపు తప్పడానికి యువత బలహీనత ఒక్కటే కారణమని అనడం అన్యాయం. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఆచార్యులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే క్రీడా టికెట్టుకు నగదుతో చెల్లించేవారికంటే కార్డుతో చెల్లించేవారు గణనీయంగా ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడ్డారు. చేతిలోంచి నోటు పోతున్నప్పుడు కలిగే బాధ కార్డు వాడకంలో మొద్దుబారుతుందన్నది దీనికి తరచుగా ఇచ్చే వివరణ. ఆ మొద్దుబారడానికి బెంగళూరు పరిస్థితులు తోడవుతాయి. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే నెలల తరబడి అద్దెను అడ్వాన్సుగా ముందే చెల్లించాలి. పది నెలల అడ్వాన్సు అడిగే ఆనవాయితీ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మారతహళ్లిలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో పీజీ వసతి గృహం వదిలి స్నేహితులతో కలిసి ఇల్లు తీసుకునే యువ ఉద్యోగికి మొదటి పెద్ద అప్పు అక్కడే పుడుతుంది. దాని మీద మంచం, ఫ్రిజ్, సంక్రాంతికి ఊరెళ్లే బస్సు టికెట్టు, పది నిమిషాల్లో గుమ్మానికి వచ్చే సరుకులు, వారాంతపు విందులు చేరతాయి. వడ్డీ లేని వాయిదాలు అన్న ప్రకటనలు వీటన్నిటినీ సులభం చేస్తాయి. సున్నా శాతం వడ్డీ అనే భావనే లేదని, ఆ వడ్డీ తరచుగా రుసుము రూపంలో వినియోగదారుడి మీదే పడుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

ఇందుకు భిన్నమైన అప్పు కూడా తెలుగు ఇళ్లకు తెలుసు: ఈ సభలో కూర్చున్న తల్లుల్లో పొదుపు సంఘం పుస్తకం ఉన్నవారు తప్పక ఉంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం నుంచి, 1990ల తొలినాళ్లలో, రోజుకు ఒక్క రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి ఉద్యమం ఎదిగింది. డ్వాక్రా సంఘాలతో కలిసి అది తెలుగు గ్రామాల ఆర్థిక స్వభావాన్నే మార్చింది. సంఘంలో అప్పు కోరిన సభ్యురాలిని తక్కినవారు ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేవి మూడే ప్రశ్నలు: దేనికి, ఎంత, ఏ నెలకు తీరుస్తావు. అప్పు తీసుకునే మనిషికి ఆ క్షణంలో కష్టంగా తోచినా, ఆమె ఇంటిని కాపాడింది ఆ ప్రశ్నలే. క్రెడిట్ కార్డు ఆ మూడింటినీ తీసివేసి డబ్బు మాత్రమే చేతిలో పెడుతుంది. అడిగేవారు లేని చోట ఆ ప్రశ్నలను అప్పు తీసుకునేవారే తమకు తాము వేసుకోవాలి. బడ్జెట్ అనే మాటకు ఇక్కడ వర్తించే అర్థం అదే, అంటే జీతం రాకముందే అందులోని ప్రతి రూపాయికీ పని అప్పగించి, ఆ పనికి బయట చేసే ప్రతి ఖర్చునూ ప్రశ్నించడం.

నెలకు 30,000 రూపాయలు చేతికి వచ్చే ఉద్యోగి లక్ష రూపాయల కార్డు బాకీ తీర్చాలనుకుంటే, ఉదాహరణకు, భోజనంతో సహా పీజీకి 10,000, ఇంటికి 4,000, ప్రయాణానికి, ఫోనుకు, మందులకు 3,500, మిగతా అన్నిటికీ 2,500 కేటాయించి, తక్కిన 10,000ను జీతం పడిన మరుసటి రోజే కార్డుకు పోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోవాలి. ఆ 14 నెలలు కఠినమైనవే. 2,500లో స్నేహితుడి పెళ్లి కానుక కూడా ఇరికించవలసి వస్తుంది. కార్డు వివరాలను షాపింగ్ యాప్‌ల నుంచి, ఆహారం తెప్పించే యాప్‌ల నుంచి తొలగించడం ఈ కాలంలో తప్పనిసరి, ఎందుకంటే పాత బాకీ మోస్తున్నంత కాలం ప్రతి కొత్త కొనుగోలుకూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. రెండు మూడు కార్డుల బాకీ ఉంటే, అన్నిటికీ కనీస మొత్తం కట్టి, మిగిలినదంతా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి మళ్లించడం లెక్క ప్రకారం లాభం. అతి చిన్న బాకీని ముందు తుడిచివేయడం వల్ల ధైర్యం వస్తుందనుకునేవారు ఆ దారిలో పోయినా తప్పులేదు. బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చుకోవడం, లేదా వ్యక్తిగత రుణం తీసుకుని కార్డును ఒక్కసారిగా కట్టివేయడం మేలైన మార్గాలే, కానీ ఖాళీ అయిన కార్డును మళ్లీ వాడితే ఒక అప్పు రెండవుతుంది. ఒక కార్డుతో డబ్బు తీసి మరో కార్డుకు కట్టే రొటేషన్ అన్నిటికంటే ప్రమాదకరం. ప్రతి మలుపులోనూ రుసుము పెరుగుతుంది తప్ప అసలు తరగదు.

చాలామంది యువత ఈ అప్పును ఇంట్లో దాచిపెడుతున్నారు. పరువు పోతుందన్న భయంతో దాచిన నెలలే అప్పును రెట్టింపు చేస్తాయి. ఆ ఒంటరితనం కొందరిని ప్రాణాల మీదకు తెచ్చుకునే దాకా తీసుకుపోతోంది. కొడుకో కూతురో నోరు తెరిచి చెప్పిన రోజున తల్లిదండ్రులు ముందుగా అడగవలసింది ఎంత అని. ఎందుకు అని అడగడానికి తరువాత చాలా సమయం ఉంటుంది. వసూలు ప్రతినిధులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయకూడదని, బంధువులను, స్నేహితులను అవమానించడం నిషిద్ధమని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. వేధింపు ఎదురైతే మొదట బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో తగిన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులను ఉచితంగా విచారించే అధికారిని, ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. కష్టం ముదరకముందే బ్యాంకుతో మాట్లాడి వాయిదాలు కోరినవారికి దొరికే వెసులుబాటు, ఫోను ఎత్తడం మానేసినవారికి దొరకదు.

బాకీ సున్నా అయిన నెలలో కార్డును ఉంచుకోవాలా, మూసివేయాలా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసినది. బిల్లు మొత్తాన్ని ప్రతి నెలా గడువులోగా కట్టగల నియమం కుదిరినవారికి కార్డు ఉపయోగకరమే. సకాలపు చెల్లింపులు 300 నుంచి 900 మధ్య లెక్కించే క్రెడిట్ స్కోరును పెంచి, రేపటి ఇంటి రుణానికి తోడ్పడతాయి. ఆ నియమం ఇంకా కుదరలేదనుకునేవారు మూసివేయమని కోరితే, బాకీ లేని కార్డును బ్యాంకు 7 పనిదినాల్లో మూసివేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుడికే చెల్లించాలి; కార్డు మూసిన ధ్రువీకరణను దాచుకుని, ఏడాదికి ఒకసారి ఉచితంగా లభించే క్రెడిట్ నివేదికలో ఆ ఖాతా మూసినట్టు నమోదైందో లేదో సరిచూసుకోవాలి.