పిల్లలు పందెం కోళ్ళు కారు

(తణుకు దగ్గర ఒక దళితపేటలో అంబేద్కర్ జయంతి కబడ్డీ పోటీల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కప్పులిచ్చే ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. గెలిచినోళ్ళను పొగిడి దిగిపోవచ్చు. కానీ నిన్న సాయంత్రం బరిలో ఏం జరిగిందో మనమందరం చూశాం. దాని సంగతి ఎత్తకుండా కప్పులు పంచితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

కూతకొచ్చినోడు మన కుర్రాడి మోచేతిని తాకి గీత చేరిపోయాడు. రెఫరీ చూళ్ళేదు. మన కుర్రాడే చెయ్యెత్తి "నన్ను తాకాడండీ" అని బయటికొచ్చేశాడు. ఆ ఒక్క పాయింటుతో ఆట పోయింది. వాళ్ళ నాన్న బరిలోకి దిగి పదిమందిలో వాడి చెంప పగలగొట్టాడు. "నిన్నెవడు చెప్పమన్నాడ్రా?" అన్నాడు. చుట్టూ ఉన్న మనం ఏం చేశాం? కొందరం నవ్వాం. కొందరం "బాగా అయ్యింది" అన్నాం. ఆపినవాళ్ళం ఒక్కరం లేం.

ఆ తండ్రిని తిట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఆయన కోపం మనకు తెలుసు. తరాలుగా ఓడిపోతా వచ్చినోళ్ళం, ఒక్క ఆటలోనైనా బిడ్డ గెలిస్తే చూడాలనుకుంటాం. అందులో తప్పు లేదు. కానీ మన ఓటముల బాకీ పిల్లల చేత తీర్పించకూడదు.

సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో కోడిపందేలు చూస్తూనే ఉంటాం. కోడి కాలికి కత్తి కడతారు. పందెం కాసినోడు బరి బయట నిలబడి అరుస్తాడు. చచ్చేది కోడి. ఓడినదాన్ని కోసుకు తింటారు. కబడ్డీ బరి చుట్టూ చేరి మనమూ అవే అరుపులు అరిచి, అవే పందేలు కాస్తే మన బిడ్డలకీ ఆ కోళ్ళకీ తేడా ఏముంది?

ఇంకో సంగతి. కబడ్డీ అంటే తాకే ఆట. చేతికి చెయ్యి, ఒంటికి ఒళ్ళు తగలకుండా ఈ ఆట లేదు. మన తాతల్ని తాకితే మైలన్న దేశంలోనే ఈ ఆట ఆడుతున్నారు. ఇక్కడ తాకడం ఆటలో లెక్కే గానీ మైల కాదు. "నన్ను తాకాడు" అని తలెత్తుకుని చెప్పిన ఆ కుర్రాడు మనకు పాఠం చెప్పాడు. ఆ పాఠానికి మనం ఇచ్చిన బహుమతి చెంపదెబ్బ.

"మేష్టారూ, మనం నీతిగా ఆడితే ఒరిగిందేంటి? అగ్రకులాలోళ్ళు మనతో నీతిగా ఉన్నారా?" అని రాత్రి కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. పాల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టాడు. పూనాలో క్రికెట్టు మైదానం బాగుచేసే పనిలో ఉండి బౌలరయ్యాడు. హిందూ జట్టుకు వికెట్లు తీసిపెట్టాడు. టీ టైములో మాత్రం ఆయనకు బయట, విడిగా మట్టిపిడతలో పోశారు. 1911లో ఇంగ్లాండు వెళ్ళి నూరుకు పైగా వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్ని చెయ్యలేదు. మరి ఆ అన్నదమ్ములు ఆటలో దొంగాట ఆడారా? లేదు. 1920లో తమ్ముళ్ళు జట్టు నుంచి తప్పుకుని, ఎందుకు తప్పుకున్నారో లోకానికి చెప్పారు. 1923లో తమ్ముడు విఠల్ హిందూ జట్టు కెప్టెన్ అయ్యాడు. ఆటలో నీతి, అన్యాయం మీద పోరాటం రెండూ ఒక చోటే ఉన్నాయి.

2021 టోక్యో ఒలింపిక్స్ గుర్తు చేసుకోండి. హాకీలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది వందనా కటారియా. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ. నాలుగు రోజుల తర్వాత సెమీఫైనల్లో మన జట్టు ఓడితే హరిద్వార్ దగ్గర వాళ్ళింటి ముందు టపాకాయలు కాల్చారు, కులం పేరెత్తి తిట్టారు. ఓడిన ఆడపిల్ల గడపలో పండగ చేసుకున్న బుద్ధి అది. ఆ బుద్ధి మనలో ఎంతుందో చూసుకోవాలి. మాలపేట జట్టు ఓడితే మాదిగపేటలో, మాదిగపేట జట్టు ఓడితే మాలపేటలో డప్పులు కొట్టడం లేదా? వర్గీకరణ గురించి వాదించుకోవాలంటే సభ పెట్టుకుందాం. పిల్లల ఆటలోకి దాన్ని తేవద్దు.

నీతిగా ఆడమంటే తల వంచుకోమని కాదు. బరిలో ఎవడైనా కులం పేరుతో తిడితే ఆట అక్కడే ఆపాలి. పెద్దలు, సాక్షులు కలిసి కాగితం రాయాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ రెఫరీ పాయింటు తప్పు ఇచ్చాడని కాలరు పట్టుకోవడం పోరాటం కాదు. కెప్టెన్ అడుగుతాడు, రెఫరీ చెబుతాడు, అంతే.

కాబట్టి కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. తాగినోళ్ళు బరి దగ్గరికి రాకూడదు. పిల్లల ఆట మీద పందెం కాయకూడదు. గీత లోపలికి పెద్దోళ్ళు దిగకూడదు. ఓడిన బిడ్డను ఇంటికెళ్ళాక కూడా కొట్టకూడదు. ముందు అన్నం పెట్టండి, తప్పులు మర్నాడు మాట్లాడుకోవచ్చు. ఎదుటి జట్టు బాగా ఆడితే చప్పట్లు కొట్టండి. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలి. సహపంక్తి మనకు చిన్న విషయం కాదు.

ఆడపిల్లల్ని ఆడనివ్వండి. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా లంబాడీ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆమె వెంట ఎక్కిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు. వాళ్ళమ్మానాన్నలు "ఎందుకులే" అనుంటే ఆ కొండ ఆ పిల్లలకు దక్కేదా?

నిన్నటి కుర్రాడు ఇక్కడే ఉన్నాడు. వాళ్ళ నాన్నా ఆ వెనక వేపచెట్టు కింద నిలబడ్డాడు. అన్నా, ఇలా రా. మొదటి కప్పు గెలిచిన జట్టుదే, అందులో మాట లేదు. నీ కొడుక్కి మేం ఇచ్చే కప్పేమీ లేదు. నిన్న పదిమందిలో వాణ్ణి కొట్టావు. ఇవాళ అదే పదిమందిలో వాడి భుజం మీద చెయ్యి వెయ్యి. తప్పు నీ ఒక్కడిదే కాదు, నవ్విన మా అందరిదీ. అందుకే మేమూ లేచి నిలబడతాం.

జైభీమ్!