భూమి వెల – సమాచారపు వెల

కూరగాయల ధర అంగడిలో నలుగురి యెదుట పలుకును. ధాన్యము ధర కళ్లము మీదనే తెలిసిపోవును. బంగారము ధర ప్రతిదినము పత్రికలలో అచ్చగును. కాని మన కుటుంబముల ఆస్తులలో అన్నింటికంటె పెద్దదైన భూమి ధర మాత్రము అమ్మినవారు, కొన్నవారు, నడుమ నిలిచిన మధ్యవర్తి – ఈ మువ్వురి మధ్యనే మిగిలిపోవుచుండును. ఆ ధరను తెలిసికొనుటకు అగు ఖర్చు ఎట్టిది, దానిని తుదకు భరించువారెవరు అను విషయమును నేడు మనము విచారింతము.

బ్యాంకు అప్పునకు ఇల్లు తాకట్టు పెట్టునప్పుడును, అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడును, బాకీ తీరక ఇల్లు వేలమునకు వచ్చినప్పుడును దాని విలువను నిర్ణయించుటకు మదింపుదారు వచ్చును. వాడుకలో వారిని వాల్యుయరు అందుము. కంపెనీల చట్టము క్రింద 2017లో చేసిన నిబంధనలు భూమిని, భవనములను ఒక ప్రత్యేక తరగతిగా పేర్కొని, పరీక్షలో నెగ్గి నమోదైనవారికి రిజిస్టర్డు వాల్యుయర్లను గుర్తింపునిచ్చినవి. గోడల వయస్సును, కట్టడపు ఖర్చును వారు చూచి చెప్పగలరు. కాని నేల విలువ చెప్పవలెనన్నచో వారికి ముఖ్యాధారము ఒక్కటే: ఆ చుట్టుపట్ల అటువంటి నేల ఇటీవల ఎంతకు అమ్ముడయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము చేతిలో లేని మదింపుదారు, త్రాసు లేని వర్తకుని వంటివారు.

ఈ సమాధానము లభించు తీరు దేశదేశమునకు వేరుగా నున్నది. అమెరికాలో ఇండ్లను అమ్మించు దళారుల సంఘములు తమ తమ ప్రాంతములలో అమ్మకమునకు వచ్చిన ఇండ్ల వివరములను, తుదకు పలికిన ధరలను ఒక ఉమ్మడి జాబితాలో చేర్చుకొందురు. మదింపుదారు ఆ జాబితాను చూడవలెనన్నచో చందా కట్టవలెను. రెండు మూడు ప్రాంతములలో పని చేయువారు రెండు మూడు చందాలు కట్టవలసి వచ్చును. టెక్సాసు, యూటా, ఐడహో వంటి రాష్ట్రములలో అమ్మకపు ధరను ప్రభుత్వ దస్త్రములలో బయలుపరుప నక్కరలేదు గనుక, అచ్చట ఆ ప్రైవేటు జాబితాయే గతి. చందా పెరిగిన కొలది, ఒంటరిగా పని చేసికొను చిన్న మదింపుదారుపై భారము హెచ్చును. ఇంగ్లండు, వేల్సు దేశములలో మార్గము వేరు. 1995 జనవరి నుండి రిజిస్టరైన ఇండ్ల అమ్మకపు ధరలను అచ్చటి ప్రభుత్వ భూమి రిజిస్ట్రీ ఎవ్వరైనను ఉచితముగా చూచుకొనునట్లు ప్రకటించుచున్నది.

మన దేశములో అమెరికావలె దళారుల ఉమ్మడి జాబితా లేదు. వెబ్‌సైట్లలో ఆస్తుల ప్రకటనలు కనుపించును గాని, అవి అమ్మువారు కోరు ధరలేకాని కొన్నవారు ఇచ్చిన ధరలు కావు. రిజిస్ట్రేషను వివరములను పోగుచేసి చందాకు అమ్ము సంస్థలు కొన్ని కలవు. వాని దృష్టి మహానగరముల మీదనేకాని మన పల్లెల మీద లేదు.

అయినను మనకొక గొప్ప సాధనము పూర్వమునుండి కలదు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, నూరు రూపాయలును అంతకు మించియు విలువగల స్థిరాస్తి అమ్మకపు దస్తావేజు రిజిస్టరు కాక తప్పదు. ఆ చట్టము 57వ విభాగము, స్థిరాస్తి దస్తావేజుల నకళ్లుండు ఒకటవ పుస్తకమును, దాని సూచికలను, తగిన రుసుము చెల్లించిన యెవ్వరైనను పరిశీలింపవచ్చునని, నకళ్లు పొందవచ్చునని చెప్పుచున్నది. వీలునామాల వలె ఇవి రహస్యములు కావు. అనగా అమెరికాలో చందాదారులకే దక్కు వస్తువు, మన చట్టమున ప్రజలందరి సొత్తు. ఆంధ్ర ప్రదేశ్‌లో 1998లో కార్డు అను పథకముతో రిజిస్ట్రేషను కచ్చేరీలలోనికి కంప్యూటర్లు వచ్చినవి. నేడు ఈసీని ఇంటి నుండియే చూచుకొనవచ్చును. అందులో దస్తావేజులో వ్రాసిన ప్రతిఫలము, ప్రభుత్వ మార్కెట్ విలువ రెండును కనుపించును.

ఇంత సౌకర్యముండగా ఇక లోపమేమి అని శ్రోతలు అడుగవచ్చును. చల్లపల్లి చుట్టుపట్లనే చూడుడు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ డెల్టాలో భూమి వెలను నీరే నిర్ణయించుచున్నది. కాలువ ఎగువనున్న ఎకరము, కాలువ చివరనున్న ఎకరము కాగితము మీద ఒకే మాగాణి. వెలలో మాత్రము ఒకటి కావు. పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమలోనికి పోయిన కొలది సముద్రము సమీపించును, చవుడు నేల ఎదురగును, 1977 నవంబరు ఉప్పెనను మరువని గ్రామములు వచ్చును. మచిలీపట్నము నుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోవు 216వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కనున్న నేలకు వేరొక లెక్క. గుడివాడ వైపు చేపల చెరువులైన పొలములకు మరియొక లెక్క. 2023లో మచిలీపట్నము ఓడరేవు పనులు మొదలైన పిదప ఆశ మీద పలుకు ధరలకు ఇంకొక లెక్క. ఇట్టిచోట ఒకటి రెండు అమ్మకములు చూచి విలువ కట్టుట పొరపాటునకు దారి. పది పదునైదు దస్తావేజులైనను పోల్చి చూడవలెను.

కాని ఈసీ ఒక నిర్దిష్టమైన ఆస్తి చరిత్రయే కాని, ఊరి ధరల పట్టిక కాదు. ఏ సర్వే నెంబరులో అమ్మకము జరిగినదో ముందుగా తెలిసినగాని వెదకుట సాధ్యము కాదు. ఒక్కొక్కదానికి దరఖాస్తు, రుసుము, నకలు, కాలవ్యయము. 2020 డిసెంబరులో రాష్ట్రములో రీసర్వే మొదలైన పిదప, అది పూర్తియైన గ్రామములలో పాత సర్వే నెంబర్లకు బదులు కొత్త ఎల్పీ నెంబర్లు వచ్చినందున రెండింటిని సరిచూచుకొనుట అదనపు శ్రమ. ఒక చిన్న ఇంటి మదింపునకు లభించు ప్రతిఫలమునకు ఈ శ్రమ గిట్టదు. అప్పుడు ప్రభుత్వ విలువను ముందుంచుకొని, ఇద్దరు మధ్యవర్తులను అడిగి, నడుమ నొక అంకె వేసి సంతకము చేయు తేలిక దారి తొక్కువారు బయలుదేరుదురు.

అంతకంటె పెద్ద లోపము ఇంకొకటి కలదు. దస్తావేజులన్నియు చేతికి వచ్చినను అందులో వ్రాసిన ధర నిజము కాకపోవచ్చును. ప్రతిఫలము, ప్రభుత్వ విలువ – ఈ రెండింటిలో హెచ్చుదానిపై స్టాంపు సుంకము పడును. కనుక సుంకము తగ్గించుకొనుటకు ప్రభుత్వ విలువనే ప్రతిఫలముగా వ్రాసి, మిగిలినది చేతులు మార్చుకొను అలవాటు మనలో పాతుకొనిపోయినది. ఇది నేరమని తెలిసియు లోకాచారమని సరిపెట్టుకొందుము. సమాచారపు అసలు వెల ఇచ్చటనే ఉన్నది. కచ్చేరీలో కట్టు రుసుము కొద్ది. అబద్ధపు అంకెకు తరువాత కట్టు మూల్యము పెద్ద.

ఎట్లనగా, 2014 జనవరి నుండి అమలులోనున్న భూసేకరణ చట్టము 26వ విభాగము ప్రకారము, స్టాంపు చట్టపు విలువ, సమీప గ్రామములలో అటువంటి భూముల సగటు అమ్మకపు ధర – వీనిలో హెచ్చుదానిని గ్రహింపవలెను. ఆ సగటునకు గడచిన మూడేండ్ల రిజిస్టరు దస్తావేజులను తీసికొని, హెచ్చు ధర గల సగము దస్తావేజులను లెక్కింతురు. ఒక ఊరిలో ఆరు అమ్మకములు జరిగినవనుకొందము. ఎకరమునకు 12, 14, 15, 16, 18, 20 లక్షలని వ్రాసినారు. పై మూడింటి సగటు 18 లక్షలు. నిజముగా ఇచ్చిపుచ్చుకొన్నది 30 లక్షలైనచో, స్టాంపు విలువయు 18 లక్షలు దాటనిచోట రైతునకు ఎకరమున 12 లక్షలు తగ్గినవి. పరిహారముపై నూటికి నూరు చొప్పున సొలేషియము ఇత్తురు కనుక ఆ నష్టము కనీసము 24 లక్షలగును. నిన్న సుంకములో మిగిల్చుకొన్నవారు ఒకరు, నేడు నష్టపోవువారు మరియొకరు. వారు ఆ దస్తావేజు మీద సంతకము చేసినవారు కూడ కారు.

ప్రభుత్వ విలువయే ఆధారమని ఊరకుండుటకును వీలులేదు. ఆదిలాబాదు ప్రాంతపు భూసేకరణ వివాదములో 1994లో సుప్రీము కోర్టు, స్టాంపు సుంకమునకై తయారుచేసిన విలువల రిజిస్టరు నిజమైన మార్కెట్ విలువకు ప్రమాణము కాజాలదని తీర్పు చెప్పినది. బ్యాంకు బాకీల విషయమును ఇట్టిదే. 2002 నాటి సర్ఫేసీ చట్టము వ్యవసాయ భూమికి వర్తింపకపోయినను ఇంటికి వర్తించును. ఇంటిని వేలము వేయుటకు ముందు మదింపుదారు చేత విలువ కట్టించి, దానిని బట్టియే కనీస ధర నిర్ణయింతురు. ఆ అంకె తక్కువైనచో ఇల్లు పోయియు బాకీ మిగులును.

కావున చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది ప్రభుత్వము చేయవలసినది: అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు తొలగించి, గ్రామము, నేల తరగతి, విస్తీర్ణము, తేది, ధర మాత్రము గల పట్టికను ఊరి వరుసన అందరికి ఉచితముగా నుంచవలెను. అంకెలు కచ్చేరీ కంప్యూటర్లలో ఉండనే ఉన్నవి. రెండవది మదింపుదారులు చేయవలసినది: తాము పోల్చి చూచిన దస్తావేజుల నెంబర్లను నివేదికలో వ్రాయవలెను. మదింపు రుసుము చెల్లించు గృహస్థుడు వానిని చూపుడని మర్యాదగా అడుగవచ్చును. అందు తప్పు లేదు. మూడవది మనము చేయవలసినది: కొన్న ధరనే దస్తావేజులో వ్రాయించుట.

సమాచారము ఉచితమైనంత మాత్రమున నిజమైపోదు. నిజమైనంత మాత్రమున అందరికి చేరదు. చేర్చుట ప్రభుత్వము వంతు, నిజము వ్రాయించుట మన వంతు. ఈసారి రిజిస్ట్రేషను కచ్చేరీలో వేలిముద్ర వేయుటకు పూర్వము ప్రతిఫలపు అంకెను ఒకమారు చదువుకొనుడు. ఆ అంకె మన ఒక్కరి లెక్క కాదు. మన పొరుగువాని పొలము విలువయు రేపు దానితోనే కొలువబడును.